ఎర్రగైందా బిడ్డా?

పసుపంటే నాకు ఒళ్ళు మంట. మా ఇంట్లో పండగొచ్చినా పేరంటమొచ్చినా గడపకు పసుపు రాసేది నా కోడలే. నేను ఆ గిన్నె ముట్టను. "ఏం చాదస్తం అత్తమ్మా, అందరు పసుపు శుభమంటరు, మీరేమో పామును చూసినట్టు చూస్తరు" అంటుంది. అననీ. దానికేం తెలుసు?

పసుపు తెలియని మనిషినేం కాదు నేను. పటాన్‌చెరు బజారులో కిరాణా కొట్టు నడిపిన కాశీనాథ్ సేటు కూతుర్ని. పసుపూ మిరప్పొడీ బస్తాల మధ్యే దేకాను, నడిచాను, తుమ్మాను. కానీ పసుపు చేతికంటితే నాకు ఆలంబీ గుర్తుకొస్తుంది, నేను ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచిన ఆలంబీ. ఆమె గుర్తుకొస్తే నేను చేసిన పని గుర్తుకొస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా బాపు పోయాడు, అమ్మ పోయింది. ఇంకా దాచి ఎవర్ని ఉద్ధరించాలి?

ఆలంబీ ఇల్లు మా కొట్టు వెనక సందులో ఉండేది. ఆమె భర్త మక్బూల్ రంగ్రేజు, అంటే బట్టలకు రంగులద్దడమే వాళ్ళ ఇంటి వృత్తి. ఆయన ఉన్నప్పుడు వాకిట్లో పెద్ద తొట్లుండేవట, నీలిమందు హైదరాబాదు నుంచి వచ్చేదట. నేను పుట్టకముందే ఆయన పోయాడు, ఆయన వెనకే తొట్లూ పోయాయి. పిల్లల్లేరు. మిగిలింది వంటిల్లు ఒక్కటే. అందుకని వంటింట్లో ఏముంటే దానితోనే రంగులు వండడం మొదలుపెట్టింది. "మియా తొట్లు కొండవోయిండు, నాకు పొయ్యి ఇడిసిపెట్టిండు" అని నవ్వేది. కూర వండేదీ రంగు వండేదీ ఒకటే పొయ్యి మీద. గంజులు, అంటే వండే గిన్నెలు, మాత్రం వేరు. రంగుకు వాడే రెండు రాగి గంజులను ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

నేను మొదటిసారి ఆమె ఇంటికి పోయింది 1966లో, నాకు ఏడేళ్ళు. కొత్త తెల్ల లంగా మీద మామిడికాయ తొక్కు ఒలకబోసుకున్నాను. అమ్మ వీపు మీద రెండు వేసి, లంగా చేతికిచ్చి తోలింది. ఆలంబీ ఆ మరకను వెలుతురుకు పట్టి చూసింది.

"తొక్కు తినుడు వస్తది గాని, నోరు యాడుందో ఎరుక లేదా నీకు?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా ముక్కు చీదించి, ఒక బెల్లం ముక్క నోట్లో పెట్టింది. "ఏడ్వకు. గీ మరక పోదు. లంగా మొత్తానికి గదే రంగేస్త. ఇగ మరక యాడున్నదో మీ అమ్మ గూడ పట్టుకోదు."

ఉల్లిగడ్డ పొట్టు నీళ్ళలో వేసి ఉడికించింది. వడగట్టి, పటిక కలిపి, తడిపిన లంగాను అందులో ముంచి కట్టెతో తిప్పుతూ కూర్చుంది. సాయంత్రానికి నా లంగా పండిన ఈతపండు రంగులో ఉంది. నేను ఆ లంగా చిరిగిపోయేదాకా కట్టాను.

ఆ పొట్టు ఎక్కడిదనుకున్నారు? సందులో పిల్లలం ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చేవాళ్ళం, ఒడినిండా పొట్టుకు ఒక బెల్లం ముక్క. మా కొట్లో ఉల్లిగడ్డ బస్తా ఖాళీ అయితే అడుగున మిగిలిన పొట్టు ఆమె వచ్చి ఊడ్చుకునిపోయేది. మా బాపు జీవితంలో ఊరికే ఇచ్చిన వస్తువు ఏదైనా ఉంటే ఆ పొట్టే.

దానిమ్మ తొక్కలు ఎండబెట్టి దాచేది. నలుపు కావాలంటే పాత బండి కమ్ముల ముక్కలూ గుర్రపు నాడాలూ బెల్లం నీళ్ళలో వేసి, కుండ మూతి కట్టి, పక్షం రోజులు మురగబెట్టేది. అబ్బ, ఆ కంపు! పక్కింటి పోశమ్మ గోడ మీదినుంచి తలపెట్టి తిట్టేది, "ఏం మురుగబెట్టినవే ఆలంబీ, సందుల మనుషులు బతకాల్నా సావాల్నా?" అని. "నీ సీర నల్లగ కావాల్నంటివి గదా పోశమ్మా, గది నీ సీరనే. ముక్కు మూసుకో, నోరు గూడ మూసుకుంటే ఇంకా మంచిది" అని ఈమె ఇక్కణ్ణుంచి. మళ్ళీ ఆ సాయంత్రమే ఇద్దరూ ఒకే గుమ్మంలో కూర్చుని తమలపాకులు నమిలేవాళ్ళు.

అన్ని రంగుల్లోనూ ఆమె పసుపు రంగును మాత్రం వేరుగా చూసేది. తురకల పెళ్ళిళ్ళలో మాంఝా అని ఉంటుంది. పెళ్ళికి ముందు పిల్లకు పసుపు బట్టలు కట్టి ఇంట్లో కూర్చోబెడతారు. ఆ బట్టలు మా ఊళ్ళో ఆలంబీ చేతినుంచే రావాలి. మా కోమట్ల పెళ్ళిబట్టలకు పసుపు నీళ్ళు ఆమే పెట్టేది. ఎల్లమ్మ బోనాలకు పెట్టే పసుపు చీర కూడా ఆమె పొయ్యి మీదినుంచే పోయేది. ఎవరూ ఇందులో వింతేముందని అడగలేదు. పసుపు రంగు వేసే రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, బిస్మిల్లా అని మొదలుపెట్టేది.

మొదలుపెట్టే ముందు పరీక్ష ఉండేది. పసుపు చిటికెడు అరచేతిలో వేసుకుని, తడిచేసి, పాన్‌దాన్‌లోంచి సున్నం గోటితో తీసి దాంతో రుద్దేది. మంచి పసుపైతే వెంటనే ఎర్రబడుతుంది. మనం హారతి నీళ్ళు కలుపుతామే, అదే సంగతి. ఎర్రబడకపోతే ఆ పసుపు గంజులోకి పోయేది కాదు. పుచ్చిన కొమ్ములని రెండుసార్లు మా బాపుకే తిప్పికొట్టింది. "గీ పసుపు మీ ఇంట్ల కూరల ఏసుకో సేటూ, నా గంజుల ఎయ్య" అని బజారులో నిలబడి అంది. మా బాపు నవ్వుతూనే మంచివి ఏరి ఇచ్చాడు, కానీ ఆయన దేన్నీ మరిచిపోయే మనిషి కాదు.

ఏడో తరగతి కాగానే నా బడి మాన్పించారు. మధ్యాహ్నాలు ఆలంబీ దగ్గరే ఉండేదాన్ని. పొట్టు ఎంత వేయాలి, పటిక ఎంత, ఏ నూలు ఎంతసేపు నానాలి, అన్నీ చెప్పేది. తప్పు చేస్తే కట్టెతో నెత్తి మీద ఒకటి వేసేది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నదానికంటే ఎక్కువ ఆమె దగ్గర నేర్చుకున్నాను. నీ పెండ్లిబట్టలకు పసుపు నేనే పెడత, ఇంకెవ్వల చెయ్యి తాకనియ్య అని చాలాసార్లు అంది.

నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆమె కళ్ళకు పొర కమ్మింది. మనుషుల ఆకారాలు తెలిసేవి, రంగులు మసకబారాయి. రంగులే బతుకైన మనిషికి అంతకంటే శాపం ఏం కావాలి! అప్పట్నుంచి ఆమె కళ్ళు నేనే. గంజులోంచి గుడ్డ పైకి తీసి, "ఎట్లున్నదే బిడ్డా?" అనేది. "ఇంకొంచెం ముదరాలి ఖాలా" అంటే మళ్ళీ ముంచేది. నా మాట మీద ఊరందరి బట్టలు తేలాయి. ఆ గర్వం నాకు ఎంతుండేదో చెప్పలేను.

ఆమె భుజం కూడా పట్టేసింది. రోకలి ఎత్తలేకపోయేది. అంతకుముందు పసుపు కొమ్ములు కొని తనే దంచుకునేది, ఇప్పుడు పొడి కొనాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. ఇస్నాపూర్‌లో, చిట్కుల్‌లో గొడ్ల కొట్టాలకు కూడా తలుపులు పెట్టి కిరాయికిచ్చారు. ఊరవతల ఒక రంగుల కార్ఖానా వచ్చింది, పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. అందులో పనిచేసే నర్సింహ అనేవాడు చిట్కుల్‌లో ఒక అర్ర తీసుకుని ఉండేవాడు. వాడి గోళ్ళూ చెవులూ పచ్చగా ఉండేవి, ఉమ్మితే ఉమ్మి కూడా పచ్చగా ఉండేది. వాడు కార్ఖానాలో నేల ఊడ్చిన పొడిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మా బాపుకు తెచ్చేవాడు. చిటికెడు వేస్తే బిందెడు నీళ్ళు పచ్చగా అయ్యేవి.

మా బాపు నూకల పిండిలో ఆ పొడి కలిపేవాడు, వాసన కోసం నాలుగు పిడికిళ్ళు అసలు పసుపు వేసేవాడు. కలిపేవాడు అంటున్నాను గానీ, కలిపింది నేనే. 1976 ఎండాకాలం అంతా కొట్టు వెనక అర్రలో కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గరిటెతో నేనే కలిపాను. మా అమ్మ కమల మాత్రం ఇంటి పసుపును వేరే పెట్టింది, ఎర్ర మూత డబ్బాలో, అటక మీద. "ఇంట్లకు గీ డబ్బాలదే తియ్యి. దుకాణంది దుకాణందే, ఇంటిది ఇంటిదే" అంది. అది తప్పని ఆమెకు తెలుసు, లేకపోతే రెండు డబ్బాలెందుకు? నాకూ తెలుసు. అయినా బాపుకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ ఏడాదే కట్టెల అడితీ నడిపే అబ్దుల్ వహాబ్ బిడ్డ అక్తరీ పెళ్ళి కుదిరింది. అప్పటికి ఆలంబీ పని సగానికి సగం పడిపోయింది. కార్ఖానా రంగుల బట్టలు అంగట్లో గుట్టలుగా దొరుకుతుంటే ఉల్లిపొట్టు రంగు ఎవరికి కావాలి? వహాబ్ భార్య మాంఝా బట్టలు కూడా హైదరాబాదు నుంచి తెప్పిద్దామంది. వహాబే వినలేదు. మా అమ్మ మాంఝాకు ఆలంబీ అత్త పసుపేసింది, నా బిడ్డకు ఆలంబీ వెయ్యాలె అన్నాడట. పెళ్ళికూతురి జత, చుట్టాల ఆడపిల్లలకు పదకొండు దుపట్టాలు. ఆలంబీ ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

"గీ పని మంచిగైతే నలుగురి నోట్ల మళ్ళ నా పేరు పడతది బిడ్డా. గిది చెడితే ఇగ నా గంజు బోర్లేసుడే" అంది.

పసుపు కోసం తనే కొట్టుకు వచ్చింది, నా భుజం పట్టుకుని. బాపు కొట్టు డబ్బాలోంచి పొడి తీసి పొట్లం కట్టాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన జెర తక్కువున్నది సేటూ. కొమ్ములుంటే ఇయ్యరాదు? ఎవర్నన్న పట్టి దంచిపిస్త."

"కొమ్ములు యాడున్నయి ఆలంబీ, అయిపోయినయి. గిది కొత్త సరుకు. నా బిడ్డ పెండ్లికి గూడ గిదే వాడుత, నమ్మవా?"

ఆమె తల ఊపింది. మేం మెట్లు దిగుతుంటే బాపు నన్ను వెనక్కి పిలిచాడు. "శకుంతలా, నోరు జెర భద్రం" అన్నాడు. అంతే. అరవలేదు, కొట్టలేదు. అరిచి కొట్టినా బాగుండేది.

మరునాడు ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. అరచేతిలో పొడి వేసుకుంది, తడిచేసింది, సున్నం రుద్దింది. చేతిని నా ముందుకు చాపింది.

"ఎర్రగైందా బిడ్డా?"

కాలేదు. ఆ నాలుగు పిడికిళ్ళ అసలు పసుపు వల్ల అంచున ఎక్కడో కాస్త ఇటుక రంగు కనిపించింది తప్ప, అరచెయ్యి నిండా పచ్చగానే ఉంది. నిజం చెప్పాలనే నోరు తెరిచాను. చెబితే పొట్లం పట్టుకుని బజారులోకి పోతుంది, నలుగురిలో నిలబడి అడుగుతుంది, కలిపిందెవరంటే నేను. ఇదీ పచ్చగానే ఉంది కదా, అసలు పసుపుకంటే నిగనిగలాడుతోంది కదా, మూడు రోజుల ముచ్చటకు ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాను. పాపం చేసేవాళ్ళకు సాకులు ఎంత తొందరగా దొరుకుతాయో!

"అయింది ఖాలా" అన్నాను.

ఆమె చేతిని తన కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "మంచిగ అయిందా?" అని ఇంకోసారి అడిగింది. "మంచిగనే అయింది" అన్నాను. పొడిని గంజులో పోసింది.

గుడ్డలు రంగు పట్టాక నిమ్మకాయ పిండిన నీళ్ళలో ముంచి జాడించడం ఆమె అలవాటు. అసలు పసుపైతే ఎండకు వెలుస్తుందేమో గానీ, ఆ జాడింపు తర్వాత నీళ్ళకు ఊరికే కారిపోదు. ఆ రోజు ఒక నీళ్ళు, రెండో నీళ్ళు, మూడో నీళ్ళు, రంగు దిగుతూనే ఉంది. "నీళ్ళు తేటవడ్డయా?" అని అడిగింది. బకెట్లో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. "తేటవడ్డయి" అన్నాను. ఒకటి ఆడాక రెండోది ఎంత సులువో.

అదే వారం సంగారెడ్డిలో కళ్ళ క్యాంపు పెట్టారు. ఆలంబీ పేరు రాయించుకుంది, పోశమ్మ తోడు పోతానంది. పొద్దున్నే చూస్తే ఆలంబీ ఇంట్లోనే ఉంది. "పోలేదేం ఖాలా?" అన్నాను. "ఇగ ఎందుకులే" అంది. ఆపరేషనంటే భయపడిందనుకుని నేను నా పని చూసుకున్నాను.

మాంఝా రోజు నేనూ అమ్మా వహాబ్ ఇంటికి పోయాం. అక్తరీ పచ్చటి జతలో, తల వంచుకుని, పసుపు ముద్దలా కూర్చుంది. పదకొండు మంది పిల్లలు పచ్చ దుపట్టాలతో ఇల్లంతా తిరుగుతున్నారు. వహాబ్ భార్య ఆలంబీని పిలిచి అందరి మధ్య కూర్చోబెట్టి, "హైదరాబాదుల గూడ గిట్ల రాదు" అంది. ఆలంబీ ముఖం వెలిగింది. ఆ ముఖం చూసి నాకూ, పోనీలే గడిచిపోయింది అనిపించింది.

తర్వాత ఆడపిల్లలు నీళ్ళు చల్లుకోవడం మొదలుపెట్టారు. అది ఆ వేడుకలో ఉండేదే. ఎవరో ఒక చెంబు నీళ్ళు అక్తరీ భుజం మీద ఒంపారు. పచ్చరంగు ఆమె మెడ మీదినుంచి, చేతుల మీదినుంచి ధారగా కారి చాప మీద మడుగు కట్టింది. భుజం దగ్గర గుడ్డ తెల్లబడింది. నవ్వుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఒక పిల్ల దుపట్టా పిండి చూసింది, అదీ తెల్లబడింది. "యా అల్లా, తెల్లబట్ట! నా బిడ్డకు కఫన్ కట్టినవా ఆలంబీ!" అని వహాబ్ భార్య గుండెలు బాదుకుంది. కఫన్ అంటే శవానికి కప్పే బట్ట. పెళ్ళింట్లో ఆ మాట వినపడ్డాక ఇక ఏం మిగులుతుంది?

ఆలంబీ తడుముకుంటూ పోయి అక్తరీ కొంగు పట్టుకుంది. వేళ్ళ మధ్య నలిపింది, నాలుకకు తాకించుకుంది. నిలబడిన చోటే నిలబడి, "నా చేతిల తప్పు లేదు. పసుపుల తప్పున్నది" అంది.

మరునాడు పొద్దున వహాబ్ తన వాకిట్లో ఆలంబీనీ నలుగురు పెద్దమనుషులనూ కూర్చోబెట్టి మా బాపుకు కబురు పంపాడు. బాపు ఇస్త్రీ ధోతి కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. కోపమే లేదు ఆయన ముఖంలో.

"పాపం ఆలంబీకి పెద్దతనం వచ్చింది, కండ్లు అగుపడ్తలేవు. ఏం కలిపిందో ఏమో. నేను తప్పువడ్తలేను వహాబ్ సాబ్. నా పసుపు మీద అనుమానముంటే ఇక్కడనే చూడుండ్రి" అన్నాడు. నా వైపు తిరిగాడు. "శకుంతలా, పోయి పసుపు డబ్బా పట్కరాపో."

ఏ డబ్బానో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు. ఎంత బాగా తెలుసు ఆయనకు నేను!

నేను పరుగెత్తాను. కొట్టు తలుపు తీసే ఉంది, డబ్బా ఎదురుగానే ఉంది. ఒక్క నిమిషం దాని ముందు నిలబడ్డాను. ఆ డబ్బా తీసుకునిపోయి వాకిట్లో పెడితే చాలు, నేను ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదు. కానీ లోపలికి పోయి, పీట వేసుకుని, అటక మీదినుంచి ఎర్ర మూత డబ్బా దింపాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చూసింది.

వహాబే పసుపు తీసుకుని, ఆలంబీ పాన్‌దాన్‌లోంచే సున్నం తీసి, ఆమె అరచేతిలోనే రుద్దాడు. రక్తంలా ఎర్రబడింది. కూర్చున్నవాళ్ళంతా మెడలు చాపి చూశారు. "లాల్ హై భాయ్, పక్కా లాల్" అన్నారెవరో.

ఆలంబీ ఎవరి మాటా విననట్టే ఉంది. చేతిని నా వైపు చాపింది.

"ఎర్రగైందా బిడ్డా?"

"అయింది ఖాలా."

ఈసారి నేను చెప్పింది నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఆమె అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. చాలాసేపు అట్లాగే ఉంది. ముఖం నా వైపే ఉంది. ఆ మసక కళ్ళకు నేనెంత కనిపించానో తెలియదు గానీ, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చివరికి చెయ్యి దించి, "అయితే తప్పు నాదే సాబ్. మాఫ్ చెయ్యి" అంది. మా బాపు "పోనీయుండ్రి, ముసల్ది" అని పెద్దమనసు చూపించాడు. ఛీ!

ఆ తర్వాత ఆమె గుమ్మం ఎవరూ తొక్కలేదు. రంజాన్‌కు ఒక్క గుడ్డ రాలేదు. ఆ యేటి ఎల్లమ్మ చీరకు పోశమ్మే ఇంట్లో పసుపు పెట్టుకుంది, మొహం చాటేసి. అక్తరీ పెళ్ళి బాగానే జరిగింది, కాపురమూ బాగానే చేసింది. అయినా ఊరు ఆ తెల్లబట్టను మరవలేదు. ఆలంబీ రాగి గంజులు అమ్ముకుంది. ఒకటి మా ఇంటికే వచ్చింది, మా బాపు వేడినీళ్ళకు బాగుంటుందని కొన్నాడు. నా పెళ్ళయ్యేదాకా రోజూ ఆ గంజులో కాగిన నీళ్ళే పోసుకున్నాను. ఆమె ఇస్నాపూర్‌లో తన చెల్లెలి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను.

1978లో జహీరాబాదు సంబంధం ఖాయమైంది నాకు. పెళ్ళి వారం ఉందనగా, గాజులకని చెప్పి బస్సెక్కి ఇస్నాపూర్‌లో దిగాను. అడిగితే వాగు వైపు చూపించారు. రంగుల కార్ఖానా ఖాళీ సంచులను కొనుక్కుని, ఉతికి అమ్మే పని అక్కడ ఆడవాళ్ళు చేస్తున్నారు. ఆలంబీ వాళ్ళలో కూర్చుని ఉంది. మోచేతుల దాకా పచ్చగా ఉంది. అదే పచ్చ, నాకు తెలియదా?

"ఖాలా, నేను శకుంతలను" అన్నాను.

"గొంతు ఎరికే" అంది. సంచి పక్కన పెట్టలేదు.

"ఖాలా, గా పసుపు... గా దినం నేను..." రెండేళ్ళు దాచుకుని పోయాను గదా, అక్కడ కూడా నీళ్ళు నమిలాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. నడుముకున్న గుడ్డసంచిలోంచి సున్నపు కాయ తీసి, గోటితో సున్నం తీసుకుని, తన పచ్చటి అరచేతి మీదే రుద్దుకుంది. నా ముందుకు చాపింది.

"చూసి చెప్పు. ఎర్రగైందా బిడ్డా?"

"కాలేదు ఖాలా."

"ఊఁ" అంది. "గా దినం నా కంటికి గూడ పచ్చగనే అగుపడ్డది. నువ్వేమో ఎర్రగైందంటివి. రంగ్రేజు ఇంట్ల ఎరుపు తెల్వని కండ్లు ఇగ ఉండి ఏం లాభం, కోయించుకుని ఏం లాభమని క్యాంపుకు పోలే. తర్వాత పోతే ఇగ కాదన్నరు డాక్టర్లు."

నేను అక్కడే కూలబడ్డాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. తిడుతుందనే పోయాను నేను, తిడితే కాస్త తేలికపడదామని. అది కూడా ఇవ్వలేదు.

"వాకిట్లనే వాసన పట్టినవు గదా ఖాలా. ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవని ఆగిన" అంది.

మళ్ళీ సంచి అందుకుని వాగులో ముంచింది. నీళ్ళు ఆమె చుట్టూ పచ్చబడ్డాయి. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. నేను లేచాను.

"పెండ్లంట గదా. బట్టలకు పసుపు ఎవరు పెడుతున్రు?"

"అమ్మ."

ఆమె సంచిని పిండుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏ డబ్బాలది?"

బస్సు ఆగితే ఎక్కి కూర్చున్నాను.